మేకుకు వేలాడిన సంతకం

పామర్రు సెంటర్లో సుభాని టీ కొట్టు ముందు బల్ల మీద హనుమయ్య కూర్చున్నాడంటే చుట్టూ ఉన్నవాళ్లకు రెండు సంగతులు ఖాయం. ఒక కథ వింటారు. ఆ కథ సగంలో ఉండగా ఆయన ఫోను మోగుతుంది. కథ ఏ రోజుకారోజు కొత్తదే గానీ, ఫోను మాత్రం రోజూ ఒకచోటి నుంచే. డిప్యూటీ తహసీల్దారుగా రిటైరై, దండలు వేయించుకుని, శాలువా కప్పించుకుని ఇంటికొచ్చేసిన మనిషిని ఆఫీసు ఇంకా పొద్దున్నే తలుచుకుంటున్నదంటే అదేమన్నా మామూలు భోగమా? ఆ ఫోను నలుగురిలో మోగాలనే ఆయన ఇంట్లో భార్య రామతులసి పెట్టే కాఫీ మానేసి, సుభాని టీకి అలవాటుపడ్డాడు.

ఆ పొద్దున కథ, ముద్ర మింగిన చేపది.

"వరదలో మా జీపు కోడు కాలవ దాటుతుంటే నా జేబులోంచి ఆఫీసు గుండ్రముద్ర జారి నీళ్లలో పడింది. పడ్డదాన్ని ఒక కొర్రమీను మింగింది. మింగి ఊరుకుంటే బాగుండు. గవర్నమెంటు ముద్ర కడుపులో పడ్డాక దానికి పెత్తనం వచ్చేసింది. ఎదురొచ్చిన ప్రతి చేపనూ ఆపి, ఒక గుద్దు గుద్ది, ముద్ర పడితే గానీ పోనిచ్చేది కాదు."

"అక్షరాలు కనపడేయ్యా, ఉత్త మచ్చేనా?" అన్నాడు సుభాని, టీ పైకెత్తి పోస్తూ.

"అక్షరాలే. తిరగేసి ఉండేయి. ఆ ఏడు ఆ కోడులో ముద్రలేని చేప లేదనుకో. చివరికి మట్టగుంటపాలెం దానమ్మ అత్త ఆ కొర్రమీనుని కోస్తే పొట్టలో దొరికింది. మహాతల్లి, కడిగి, పసుపు రాసి, ఆఫీసుకి తెచ్చి..."

ఫోను మోగింది. హనుమయ్య దాన్ని వెంటనే ఎత్తలేదు. అందరూ చూసేదాకా బల్ల మీద మోగనిచ్చి, అప్పుడు స్పీకరు నొక్కాడు.

"సార్, నమస్తే సార్, కోటిని. ఓటీపీ సార్."

హనుమయ్య కళ్లజోడు పెట్టుకుని, ఫోనును చాచిన చేతి దూరాన పట్టుకుని, అంకెలు ఒక్కొక్కటే మంత్రం చదివినట్టు చదివాడు. అవతల కోటి మళ్లీ పలికి, థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

"విన్నారుగా. నేను అంకె చెబితే గానీ అక్కడ కంప్యూటరు కళ్లు తెరవదు. నా గొంతు గుర్తుపడుద్ది అది."

"దేనికంటండీ ఇయ్యాల?" అన్నాడు సుభాని.

"దేనికైతే మనకెందుకయ్యా. గవర్నమెంటు పని."

నవ్వులు సద్దుమణిగాక చూస్తే, కొట్టు పక్కన చేపల తట్ట నెత్తిన పెట్టుకుని దానమ్మే నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. తట్టలోంచి నీటి చుక్కలు ఆమె భుజం మీద పడుతున్నాయి.

"కథ అయిందా బాబుగారూ?"

"అయింది. మీ అత్త పేరు కూడా చెప్పాను."

"విన్నాను లెండి." తట్ట దించి, చీర చెంగుతో మెడ తుడుచుకుంది. "నిన్న మా డొంకలో పొక్లెయిను దిగిందండీ."

హనుమయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. పాలెం నుంచి కోడు రేవుకి దోనెలకూ వలలకూ ఉన్న దారి ఆ డొంక ఒక్కటే. దానికి రెండు పక్కలా తిరుపతిరావు చేపల చెరువులు తవ్వుతున్నాడు. మధ్యలో ఆ డొంకను కూడా కలిపేసుకుంటే ఒకే గట్టు పోసుకోవచ్చని ఎప్పటినుంచో అర్జీ పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆ ఫైలును హనుమయ్య బల్ల కింది అరలోకి తోసి, దాని మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి. రిటైరైన రోజున దానమ్మ ఆఫీసుకి బతికున్న కొర్రమీనులు తెచ్చి గుమ్మంలో నిలబడితే, మెళ్లో దండతోనే బయటికొచ్చి, "నా చేతి మీదుగా ఆ కాగితం పోలేదు దానమ్మా. పోదు కూడా" అన్నాడు. అందరూ విన్నారు.

"కాగితం లేకుండా ఎట్టా దిగుతాడు? ఆపమను."

"ఆపాం. తిరుపతిరావు గారి మనిషి ఫోనులో కాగితం చూపించాడు. మా మనవరాలు ఉష చదివింది. ఆ డొంకలో జనం నడవటం ఎప్పుడో మానేశారంట, గట్టు పోసుకుంటే ఎవరికీ అడ్డం లేదంట." ఆమె తట్టలో చేపలను అటూ ఇటూ సర్దింది. "నేనేమో నిన్న పొద్దున కూడా నడిచాను గదండీ అందులో."

"ఎవడు రాశాడు అట్టా?"

"కింద మీ పేరుందండీ."

హనుమయ్య నవ్వాడు. నవ్వు అలవాటు మీద వచ్చింది. "నేను దిగిపోయి ఎన్నాళ్లయిందే? ఏదో పాత కాగితం అయ్యుంటుంది."

"తేదీ కూడా చదివింది. మొన్నటిదే."

సుభాని ఖాళీ గ్లాసు తీసుకుంటూ ఆయన ముఖం వంక చూసి లోపలికి వెళ్లాడు.

బస్సు దిగి తన పాత ఆఫీసు మెట్లెక్కేసరికి అటెండరు లేచి నిలబడ్డాడు. ఆ నిలబడటం మీద హనుమయ్యకు ఇవాళ ధ్యాస పోలేదు. ఆయన కుర్చీ ఆయన వదిలేసిన చోటే ఉంది. వేరే మండలం నుంచి ఇన్‌చార్జిగా వేసిన మనిషి వారానికోసారి వచ్చి, నిలబడే రెండు కాగితాలు చూసి పోతాడట. కుర్చీ సీటు మీద దుమ్ము, ఆ దుమ్ములో పిల్లి అడుగులు.

కంప్యూటరు ముందు కోటి ఉన్నాడు. వాడి వెనక గోడకు కేలండరు, కేలండరు కింద మేకు, ఆ మేకుకు ఆఫీసులో ఉన్న డిజిటల్ కీలన్నీ దారాలు కట్టి వేలాడుతున్నాయి. చిటికెన వేలంత ఉండే ఆ వెండిరంగు ముక్కలు ఒక్కొక్కటీ ఒక్కో అధికారి సంతకం. కంప్యూటరులో గుచ్చి, పిన్ను కొడితే సంతకం పడుతుంది. ఏది ఎవరిదో తెలియడానికి దెబ్బలకు వేసే ప్లాస్టరు అంటించి, దాని మీద పేర్లు రాశారు. హనుమయ్య కీ మీద పేరుతోపాటు పిన్ను కూడా ఉంది. అది ఆయన చేతిరాతే. కోటి కళ్లకు శ్రమ లేకుండా దండిగా, లావుగా రాసి ఇచ్చాడు. దసరాకి కంప్యూటర్లకు ఆయుధ పూజ చేసి, కీలకు కూడా బొట్లు పెడితే, ఆ కుంకుమ ఇంకా దాని గాడిలో అంటుకునే ఉంది.

"రండి సార్. ఫోను చేస్తే నేనే..."

"ఆ డొంక కాగితం చూపించు."

కోటి చూపించాడు. కింద ఆకుపచ్చ టిక్కు మార్కు, పక్కన హనుమయ్య పేరు, హోదాతో సహా. ఆయన సంతకం పెడితే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పోట్లాడుకునేవి. ఇది శుభ్రంగా, అచ్చు గుద్దినట్టు ఉంది.

"ఎవడు పెట్టమన్నాడురా?"

"పెండింగులన్నీ ఖాళీ చెయ్యమని పైనుంచి ఒకటే పోరు సార్. అన్నీ గుంపుగా సెలెక్టు చేసి ఒక నొక్కు నొక్కుతాం గదా. ఆ గుంపులో ఇదీ పోయింది. ఎవరన్నా దూర్చారో, దానంతటది ఉందో నాకు తెలీదు. మీ మీద ఒట్టు."

"చదవలేదా?"

"మీరున్నప్పుడు మాత్రం చదివామా సార్?"

వెటకారం లేదు ఆ మాటలో. వాడు నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నాడు. హనుమయ్య పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నా కీ ఉంటే ఉంది. నేను ఓటీపీ చెప్పకుండా లోపలికెట్టా పోయావు?"

"చెప్పారు గదా సార్. మొన్న కూడా పొద్దున్నే ఫోను చేశాను. మీ వెనక జనం నవ్వుతున్నారు. ఏదో మంచి కథలో ఉన్నారు మీరు. చెప్పేసి పెట్టేశారు."

రిటైరైన రోజున, కొత్త సారు కీ వచ్చేదాకా ఇది ఉండనిద్దాం సార్ అని కోటి అడిగినప్పుడు హనుమయ్యకు ఇంకో దండ పడ్డట్టే అయింది. మేకుకు తగిలించింది కూడా ఆయనే. ఇప్పుడు లేచి వెళ్లి, దారం తీసి, కీని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఆ సంతకం నాది కాదని రాసిచ్చేస్తాను."

కోటి కుర్చీ తిప్పాడు. "రాయండి సార్. కాంట్రాక్టు వాణ్ణి, రేపట్నుంచి రావద్దంటారు, వెళ్లిపోతాను. నా సంగతి వదిలెయ్యండి. కానీ ఏమని రాస్తారు? కీ నా దగ్గర లేదనేగా. అప్పుడు ఆ ఒక్క కాగితమే పోదు. మీరు దిగిపోయిన రోజు నుంచి ఈ కీతో పడినయ్యన్నీ పోతాయి. కులం సర్టిఫికెట్లు, ఇన్‌కంలు... ఎన్నున్నాయో నాకే లెక్క లేదు."

"ఒక్క దాని మీదే రాస్తా."

"ఒకటి మీరు పెట్టలేదంటే మిగతావి మీరు పెట్టారనేగా సార్. రిటైరయ్యాక ఎట్టా పెట్టారని అడుగుతారు. తాళం ఒకటే గదా."

ఆ రాత్రి అన్నం తిన్నాక రామతులసి పక్కకు చూస్తే, భర్త తెల్లకాగితం ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. సంగతి అంతా విని, ఆమె చేతిలో కంచం పట్టుకునే నిలబడింది.

"మీ పెన్షను కాగితాలు ఇంకా పైకి పోనే లేదు."

"తెలుసు."

"ఎంక్వయిరీ అంటే అవి అక్కడే కూర్చుంటాయి."

"తెలుసే తులసీ."

"తెలిస్తే రాయండి మరి." ఆమె కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లి, అక్కణ్ణించే అంది. "పోనీ ఇంతకుముందే ఆ పిల్లాణ్ణి దేనికిరా అని ఒక్కసారి అడిగుంటే సరిపోయేదిగా. కూర ఎంతకు కొన్నావని నన్ను రోజూ అడుగుతారు."

హనుమయ్య రాశాడు. పదవీ విరమణ చేసిన తేదీ తరువాత తన పేరున పడిన ఏ సంతకమూ తనది కాదని, కీని తన తెలివితక్కువతనం వల్ల ఆఫీసులో వదిలానని, ఏ శిక్షకైనా సిద్ధమని. కింద సంతకం పెట్టబోతే కలం ఆగింది. చేత్తో సంతకం పెట్టి చాలాకాలమైంది. ముందు వేరే చిత్తు కాగితం మీద రెండుసార్లు పెట్టి చూసుకుని, అప్పుడు దీని మీద పెట్టాడు. అక్షరాలు ఎప్పట్లాగే ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. వాటిని చూస్తే చాన్నాళ్లకు తన మొహం తాను అద్దంలో చూసుకున్నట్టనిపించింది. కాగితం మడిచి, కీ ఉన్న జేబులోనే పెట్టాడు. చాలా రోజుల తరువాత ఆయనకు తనమీద తనకే కాస్త మర్యాద కలిగింది. పొద్దున్నే దాన్ని ముందు దానమ్మకు చూపించి, ఆ తరువాతే పై ఆఫీసులో ఇవ్వాలనుకున్నాడు. చూపించకుండా ఇవ్వబుద్ధి కాలేదు. ఆయనకు ఏ పనికైనా చూసేవాళ్లుండాలి.

పాలెం వెళ్లే ఆటోని డొంక మొదట్లోనే ఆపించి నడిచాడు. రెండు పక్కలా తుమ్మలు, మధ్యలో దోనెలు ఈడ్చి ఈడ్చి నున్నగా పడిన గాడి. జనం నడవని దారికి ఆ గాడి ఎక్కణ్ణించి వస్తుంది? కొంతదూరం పోయాక గాడి తెగిపోయింది. పొక్లెయిను తోడిపోసిన నల్లరేగడి కుప్పలు, వాటి పక్కన నీరు ఊరుతున్న గుంట. డ్రైవరు కేబిన్‌లో కూర్చుని టిఫిను డబ్బా విప్పుకుంటున్నాడు. అవతల గట్టు మీద ఇద్దరు ఆడవాళ్లు వలలు నెత్తిన పెట్టుకుని కాలవ లాకుల వైపు చుట్టు తిరిగి పోతున్నారు.

దానమ్మ గుమ్మం ముందు కాళ్లు చాచుకుని కూర్చుని వల బాగుచేస్తున్నది. వల ఒక కొస కాలి బొటనవేలికి తగిలించి, చిరుగుల్లోకి దారం పోనిచ్చి ముడి వేస్తున్నది. హనుమయ్యను చూసి లేవబోతే ఆయనే వారించి, అరుగు మీద కూర్చుని, కాగితం తీసి ఇచ్చాడు.

"పై ఆఫీసులో ఇచ్చేస్తున్నాను. ఇది పడితే ఆ మిషను ఎట్టా వచ్చిందో అట్టానే పోవాలి."

"ఏముందండీ ఇందులో? ఉషా, ఇటు రా."

మనవరాలు ఉష లోపల్నుంచి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. విజయవాడలో నర్సింగు సీటు వచ్చిందట. వాకిట్లో దండెం మీద తెల్లకోట్లు రెండు ఆరుతున్నాయి. ఆ పిల్ల కాగితం పైకే చదవడం మొదలుపెట్టింది. గొంతు బాగుంది. "పదవీ విరమణ చేసిన తేదీ తరువాత నా పేరున పడిన ఏ సంతకమూ" దాకా వచ్చి ఆగిపోయింది. మిగతాది లోపల చదువుకుంది. కాగితం అరుగు మీద పెట్టి, ఇంట్లోకి వెళ్లి, ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టిన ఇంకో కాగితం తెచ్చింది.

కుల ధ్రువపత్రం. కింద ఆకుపచ్చ టిక్కు, పక్కన శుభ్రంగా, అచ్చు గుద్దినట్టు, హనుమయ్య పేరు.

"ఇది చూపించాకే సీటు రాశారండీ నాకు" అంది ఉష.

దానమ్మ చేతిలో దారం ఆగింది. "దీనికీ అదేనా బాబుగారూ? ఆ తాళమే?"

"అదే."

"ఇది మాత్రం అబద్ధం కాదు గదా. మా కులం మాదే గదా."

"అబద్ధం కాదు. అయినా చెల్లదు. మళ్లీ కొత్తది తీసుకోవచ్చు."

"కొత్తది తెచ్చేలోపు సీటు ఇంకొకరికి రాసేస్తారండీ" అంది ఉష నెమ్మదిగా. "తప్పుడు కాగితంతో చేరిందని నా మీద రాస్తారు."

దూరంగా పొక్లెయిను మళ్లీ మొదలైంది. దాని చప్పుడుకి దండెం మీద కాకి లేచిపోయింది. దానమ్మ తల తిప్పి ఆ చప్పుడు వైపు కాసేపు చూసింది, తరువాత దండెం మీది కోట్ల వైపు. కాలి వేలి నుంచి వల తీసి పక్కన పెట్టింది.

"మీరు ఆ చేప కథ ఎన్నిసార్లు చెప్పారో. మా అత్త ఏ ముద్రా చూడలేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. సరదాగా ఉంటుందని ఊరుకున్నాను. ఆ కథలో చేపనైతే కోశారు, ముద్ర బయటికొచ్చింది. దీన్నెక్కడ కొయ్యాలండీ? ఒకే పొట్టలో మా డొంకా ఉంది, మా పిల్లా ఉంది."

ఆమె హనుమయ్య కాగితాన్ని తీసి, ఆయన వేసిన మడతల మీదే మళ్లీ మడిచి, రెండు చేతులతో ఆయనకు తిరిగి ఇచ్చింది.

"ఇది ఇవ్వమాకండి."

"మరి రేవో?"

"లాకుల మీదుగా పోతాం. దోనెలు మోసుకు తిరగలేనోళ్లు మానేస్తారు. అర్జీలు పెట్టుకుంటాం, మా తిప్పలు మేం పడతాం. మీరు ఇంత దూరం వచ్చారు. మిమ్మల్ని నిన్న అందరిలో అడిగాను, ఏమనుకోకండి."

హనుమయ్యకు ఒళ్లంతా ఒక్కసారి తేలికపడింది. కిక్కిరిసిన బస్సులో నిలబడి నిలబడి ఉన్నవాడికి సీటు దొరికినట్టు. పెన్షను కాగితాలు కదులుతాయి. ఎంక్వయిరీ ఉండదు. సుభాని కొట్టు ముందు బల్ల ఉంటుంది. ఆ తేలిక ఏమిటో గుర్తుపట్టడానికి ఆయనకు అట్టే సేపు పట్టలేదు. గుర్తుపట్టాక దానమ్మ ముఖంలోకి చూడలేకపోయాడు. ఏదో ఒకటి అనాలి గనుక, "పిల్ల బాగా చదువుద్ది" అన్నాడు.

"చదువుద్దండీ" అంది దానమ్మ, వలను మళ్లీ బొటనవేలికి తగిలించుకుంటూ. "డొంకలో జనం నడవట్లేదని రాసినోళ్లు ఒక్కసారి వచ్చి చూసుంటే బాగుండేది."

తిరిగి పోవడానికి డొంకలో దిగితే దారి లేదు. రేగడి కుప్పల మీదుగా పోబోయి చెప్పు దిగబడిపోయింది. డ్రైవరు పైనుంచి చూసి, "ఇటు దారి లేదండీ పెద్దాయనా, చుట్టూ పోవాలి" అన్నాడు. హనుమయ్య చెప్పు చేత్తో పట్టుకుని లాకుల మీదుగా నడిచాడు.

మర్నాడు సుభాని కొట్టు దగ్గర ఫోను మోగలేదు. కీ జేబులో ఉంటే కోటి దేనికి చేస్తాడు? "ఏంటండీ, ఇయ్యాల గవర్నమెంటుకి సెలవా?" అన్నాడు సుభాని. బల్ల మీద జనం నవ్వడానికి సిద్ధంగా ఆయన వంక చూశారు. హనుమయ్య టీ సగం తాగి, విజయవాడ బస్సు వస్తే ఎక్కేశాడు. ఉయ్యూరు దాటేదాకా చెరకు లారీల వెనకే పాకింది బస్సు.

వన్ టౌన్‌లో మిర్చి బస్తాల తోపుడుబళ్ల మధ్య నుంచి, ఇరుకు మెట్లెక్కి పోతే జాకీర్ గారి షాపు. సంతకాల కీలు ఇప్పించే చోటు అదే. కౌంటర్లో ఆఫ్రీన్ అనే అమ్మాయి ఉంది. చూడగానే గుర్తుపట్టింది.

"కీ తీసుకునేటప్పుడు, మీరే అని రుజువుకి తీసే వీడియోలో కథ మొదలుపెట్టారు గదా సార్. మూడుసార్లు తీయాల్సొచ్చింది. కీ పోయిందా?"

"లేదు, ఉంది."

"పిన్ను మర్చిపోయారా?"

"లేదు. అందరికీ తెలుసు." జేబులోంచి తీసి గాజు బల్ల మీద పెట్టాడు. "దీన్ని రద్దు చెయ్యమ్మా."

ఆఫ్రీన్ దాన్ని కంప్యూటరులో గుచ్చింది. ఎర్రదీపం వెలిగింది. "ఇవాళ రద్దు చేస్తే ఇవాళ్టి నుంచే సార్. వెనక వేసినవి అట్టాగే చెల్లుతాయి."

"తెలుసు."

"కారణం ఒకటి పెట్టాలి. కీ పోయింది, పాడైంది, వేరేవాళ్ల చేతిలో పడింది, ఉద్యోగం నుంచి దిగిపోయారు. ఏది పెట్టను?"

"నేనే ఇచ్చాను అని ఉందా?"

ఆ అమ్మాయి తెర మీద పైనుంచి కింద దాకా చూసింది. "లేదు సార్."

కింద వీధిలో తోపుడుబండి వాడు ఎవరినో తప్పుకోమని కేకలేస్తున్నాడు. జేబులో మడిచిన కాగితం ఇంకా అలాగే ఉంది. దాని మీద చెయ్యి వేసుకున్నాడు హనుమయ్య.

"అయితే దిగిపోయానని పెట్టు."

ఆమె కొట్టింది. బల్ల మీద ఆయన ఫోను బుర్రుమన్నది.

"ఓటీపీ వచ్చింది సార్. చెప్పండి."

హనుమయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. ఫోనును చాచిన చేతి దూరాన పట్టుకున్నాడు. అంకెలు కనపడుతూనే ఉన్నాయి, పెదవులు కూడా మొదటి అంకె కోసం విడివడ్డాయి. అక్కడ ఆగిపోయాడు.

"దేనికమ్మా?" అన్నాడు.

ఆఫ్రీన్ తల ఎత్తి చూసింది. ఆ కౌంటర్లో కూర్చున్నప్పటి నుంచి ఆ మాట ఎవరూ ఆమెను అడిగినట్టు లేదు.

"రద్దుకే సార్. మీరేగా అడిగారు."

"అవును, నేనే అడిగాను" అన్నాడు హనుమయ్య. ఆ తరువాత గొంతు తగ్గించి, పక్కన ఎవరూ లేకపోయినా ఎవరూ వినకూడదన్నట్టు, అంకెలు ఒక్కొక్కటే చెప్పాడు.